ఉంటర్‌మోస్‌కు వేసిన మార్కులు

మా ఇంట్లో మంచు సెలవులకు ఊరు ఎంచే పని పద్దెనిమిదేళ్లుగా నాదే. ఎవరూ నా నెత్తిన రుద్దలేదు, నేనే ముందుకు వచ్చి తీసుకున్నాను. డేవెంటర్ అనే ఊళ్లో నీటి బోర్డులో నా ఉద్యోగం. నది గట్టు ఎక్కడ ఎంత ఎత్తుండాలో లెక్కగడతాను. అందుకని నేనొక పట్టిక గీసి అందులో అంకెలు పేర్చి చూపిస్తే మా వాళ్లు వరద లెక్కను నమ్మినట్టు నమ్ముతారు. ఏ ఎలకా గట్టును తవ్వనంత ఓపికగా ఆ నమ్మకాన్ని నేను ఏటా కాస్త కాస్త తవ్వుకుంటూ వచ్చాను. కారణం ఒక్కటే. నాకు స్కీయింగ్ రాదు.

రాదంటే బొత్తిగా రాదని కాదు. చదునైన వాలు ఒకటి చూపించి, ముందు ఎవరూ లేకుండా చేస్తే, కాళ్లు ఎడంగా పెట్టుకుని, పిరుదులు వెనక్కి తోసి, పసిపిల్లల బండి తోసుకుపోయేవాడి వేగంతో కిందికి చేరగలను. అంతకు మించి ఏ కొంచెం దిగుడున్నా అడుగు ముందుకు వేయను.

ఈ సంగతి పెళ్లికి ముందే చెప్పి ఉంటే సరిపోయేది. మార్లీస్ వాళ్లింటికి మొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడు గోడ నిండా వాళ్ల నాన్న ఫోటోలున్నాయి. నిట్టనిలువు కొండ మీంచి వెనక మంచు పొడి లేపుకుంటూ దూకుతున్న ఫోటోలు. ఆయన పేరు గెర్బ్రాండ్, బడిలో వ్యాయామం మాస్టారు. నీకు స్కీ వచ్చా అని అడిగారు. బాగానే వచ్చండి అన్నాను. బడి రోజుల్లో రెండు రోజులు ఆస్ట్రియా వెళ్లి, తాడు పట్టుకుని పైకి లాగించుకుంటూ పడిపోవడమే నాకున్న అనుభవం. పిల్ల నచ్చింది, నోరు అబద్ధమాడింది.

ఆ చలికాలం నన్ను స్టైన్‌కార్ అనే కొండ ఊరికి తీసుకెళ్లారు. నీలం గుర్తున్న వాలు తేలిక, ఎరుపు కష్టం, నలుపైతే ప్రాణం మీద ఆశ లేనివాళ్లకు. స్టైన్‌కార్‌లో, కొండ మీదికి తీగ మీద మోసుకెళ్లే లిఫ్ట్ దిగి బసకు రావాలన్నా ఎర్ర వాలు మీదుగానే రావాలి. మొదటి రోజు పొద్దున్నే నాకు జ్వరం వచ్చింది. వారం తర్వాత తిరిగి కారెక్కేదాకా తగ్గలేదు. మామగారు రోజూ సాయంత్రం గదికి సూప్ తెచ్చి, పాపం అనుకుని వెళ్లేవారు.

మరుసటి ఏడు నేను పట్టికతో సిద్ధమయ్యాను. మంచు, లిఫ్టులు, బస దూరం, పిల్లల తరగతులు, భోజనం, ఊరి వాతావరణం. ఒక్కోదానికి ఇంటిల్లిపాదీ పదికి మార్కులు వేయాలి. ఇంతవరకు న్యాయమే. కాని దేని మార్కులను ఎన్ని రెట్లు చేయాలన్నది నా ఒక్కడి చేతిలో ఉంది. భోజనాన్ని నాలుగు రెట్లు చేశాను, ఊరి వాతావరణాన్ని ఐదు రెట్లు. మంచుకు ఒకటే ఇచ్చాను. ఉంటర్‌మోస్ అనే ఊరు గెలిచింది. ఒక చర్చి, మూడు ఆవుల కొట్టాలు, బోర్లించిన పళ్లెంలాంటి ఒక కొండ. ఆ తర్వాత ఎక్కువసార్లు అదే గెలిచింది, తప్పితే దాని అక్కచెల్లెళ్లలాంటి ఊళ్లు గెలిచాయి. రానురాను అక్కడ మంచు పడటమే తగ్గింది. కొన్నేళ్లు అటూ ఇటూ పచ్చగడ్డి, మధ్యలో యంత్రంతో పోసిన తెల్లని పట్టీ మీద మా కుటుంబమంతా వరసగా జారుకుంటూ వచ్చేవాళ్లం. బ్రెడా నుంచి వచ్చే మా బావమరిది రూలోఫ్, ఇంతకంటే మీ బోర్డు గట్టు ఏటవాలుగా ఉంటుందని ఎత్తిపొడిచేవాడు. భోజనానికి తొమ్మిది మార్కులు వేసింది నువ్వే కదా అని పట్టిక చూపించేవాణ్ని. నోరు మూసుకునేవాడు. తమను అడిగి చేశారంటే చాలు, మా వాళ్లు ఎంత చెడ్డ నిర్ణయానికైనా తలొగ్గుతారు.

అక్కడికి వెళ్లాక మొదటి పొద్దున ఒక్క చుట్టు వచ్చి, మోకాలు పట్టుకుని, టిఫిన్ హోటల్ వరండాలో కోట్లకూ సంచులకూ కాపలా కూర్చునేవాణ్ని. నా మోకాలి మీద అందరికీ జాలి. ఎండ తగిలే బల్ల ఏదో, ఏ బల్ల దగ్గర వడ్డించే మనిషి మాటామంతీ కలుపుతుందో నాకు తెలిసినంతగా ఆల్ప్స్‌లో ఎవరికీ తెలిసి ఉండదు.

పోయిన అక్టోబరులో, ఎప్పటిలాగే రెండో ఆదివారం మూడు గంటలకు, మా వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం. మనిషికో కప్పు కాఫీ, ఒక బిస్కెట్ పెట్టి మార్లీస్ డబ్బా మూత వేసేసింది. మా ప్రాంతం బడి సెలవులూ రూలోఫ్ వాళ్ల ప్రాంతం సెలవులూ ఈసారి ఒకే వారంలో పడ్డాయన్న సంతోషంతో మొదలుపెట్టాం. అప్పుడు మామగారు, బస్సు వేళలు చెప్పినంత మామూలుగా, మార్చిలో తన తుంటి ఎముక మారుస్తున్నారని చెప్పారు. ఆ తర్వాత స్కీలు కట్టకూడదన్నాడట డాక్టరు. అంటే ఈ చలికాలమే ఆఖరు. ఆయనకు డెబ్భై తొమ్మిది.

మా అమ్మాయి ఫెన్నాకు పదహారు. తాత చెయ్యి పట్టుకుని, ఈసారి స్టైన్‌కార్ వెళ్దాం, ఆ ఫోటోల్లో ఉన్న శిఖరం మీదికి నన్ను తీసుకెళ్లు అంది. ఆయన కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. మార్లీస్ నా వైపు చూసి, దాన్ని కూడా పట్టికలో చేర్చమంది.

చేర్చాను. మార్కులు పడ్డాయి. స్టైన్‌కార్ అన్నిటికన్నా ఎంతో ముందుంది. రెండో విడత కాఫీ పెడతానని లేచి, కంప్యూటర్ చంకన పెట్టుకుని పక్కనున్న సామాన్ల గదిలోకి పోయాను. పట్టికలో కొత్త వరస ఒకటి చేర్చాను, పెద్దవాళ్ల సౌకర్యం అని. దానికి మార్కులు నేనే వేసి, ఎనిమిది రెట్లు చేశాను. ముసలాయన తుంటి ఎముకను అడ్డం పెట్టుకున్నాను. ఆ క్షణంలో సిగ్గేసిందని ఇప్పుడు రాసుకోవచ్చు గాని, వేయలేదు. ఎంత తెలివైనవాణ్నో అనిపించింది. ఈల వేసుకుంటూ కాఫీ తెచ్చి, ఉంటర్‌మోస్ గెలిచిందని చెప్పాను.

ఫెన్నా కుర్చీ వెనక్కి నెట్టుకుంది. రూలోఫ్ నిట్టూర్చాడు. మామగారు మాత్రం కప్పు కింద పెట్టి నా వైపు తిరిగారు.

"సీబ్రెన్, ఈ మాట నీకెప్పుడో చెప్పాల్సింది. నీకు థాంక్స్ చెప్పాలయ్యా" అన్నారు. "ఇన్నేళ్లూ నా కోసమే తేలిక ఊళ్లు వెతికావ్. ఒక్కసారి కూడా పైకి అనలేదు."

నాకు అర్థం కాలేదు. ఏం సాయం చేశానని గుర్తుచేసుకుంటూ నవ్వు మొహం పెట్టుకుని ఉన్నాను.

"ఆ ఏడు స్టైన్‌కార్‌లో నల్ల వాలు మీద పడ్డా నేను. తల కిందులుగా. ఎవరూ చూళ్లేదనుకున్నా. నువ్వు జ్వరంతో పడుకున్న గది కిటికీ అటే కదా. మరుసటి ఏడు నువ్వు ఉంటర్‌మోస్ అన్నావ్. సరే, అల్లుడు చూశాడు, పరువు పోకుండా ఇలా దారి చూపిస్తున్నాడు అనుకున్నా. అప్పటికి నాకు అరవై ఒకటి. అల్లుడికి కూడా కనబడిందంటే ఇంక మన పని అయిపోయినట్టేలే అని పొడుగు స్కీలు అమ్మేశా."

"మమ్మల్ని అడగొచ్చుగా నాన్నా" అంది మార్లీస్.

"అడిగితే మీరూ అదే అంటారు. అందుకే అడగలేదు."

నేను కిటికీలోంచి ఏమీ చూడలేదు. ఆ వారమంతా తెర వేసుకుని, ముసుగు తన్ని, ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే దగ్గుతూ పడుకున్నాను. ఇప్పుడు కూడా నోరు మూసుకుని ఉంటే నా గుట్టు గుట్టుగానే ఉండేది, పైగా మంచివాడినన్న పేరు మిగిలేది. నిజం చెబితే ఆయనకు ఏం మిగులుతుందో కూడా తెలియదు. కాని ఆయన నన్ను కృతజ్ఞతగా చూస్తున్నారు. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"నాకు జ్వరం రాలేదు మావయ్యా" అన్నాను. "మోకాలు నొప్పి కూడా లేదు. నాకు స్కీ రాదు. మీరు పడటం నేను చూళ్లేదు. ఆ ఊళ్లన్నీ మీ కోసం కాదు, నా కోసం ఎంచా. పట్టిక నేనే మార్చేవాణ్ని. ఇందాక కూడా మార్చా."

రూలోఫ్ పకాలున నవ్వబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయాడు. మార్లీస్ నా మొహం వైపు కాక మోకాలి వైపు చూసింది, అదేదో తనను విడిగా మోసం చేసినట్టు.

"అంటే తాత అప్పుడు బాగానే ఉన్నాడా?" అని అడిగింది ఫెన్నా.

ఆయనే అన్నారు, "బాగానే ఉన్నానమ్మా. పడటం అందరూ పడతారు." లేచి కోటు తొడుక్కున్నారు, ప్యాంటు అంచుకు క్లిప్పు పెట్టుకున్నారు, సైకిలెక్కి వెళ్లిపోయారు. నాకు వెళ్లొస్తానని చెప్పలేదు.

ఆ సాయంత్రం మార్లీస్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మొదటి ఉంటర్‌మోస్ సెలవుల మరుసటి ఏడే ఆయన బడి ఉద్యోగం ముందుగా ఎందుకు మానేశారో, కుర్రవాళ్లతో పరిగెత్తడం ఎందుకు ఆపేశారో తనకు ఇన్నాళ్లకు తెలిసిందని మాత్రం అంది. ఆ రాజీనామా విందులో ఆయన మెళ్లో దండ వేసి ప్రసంగించినవాణ్ని నేనే. తగిన వేళకు తప్పుకోవడం గొప్ప గుణమని కూడా అన్నాను.

తొమ్మిది రోజులు ఆయన ఫోను చేయలేదు. నేను రెండుసార్లు సైకిలు మీద వాళ్ల వీధి చివరిదాకా వెళ్లి, గంట కొట్టే ధైర్యం లేక వెనక్కి వచ్చాను. పదో రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోను మోగింది.

"స్టైన్‌కార్" అన్నారు. "పట్టిక అక్కర్లేదు. నువ్వు పసిపిల్లల తరగతిలో చేరు. పెద్దవాళ్ల దాంట్లో వద్దు, అక్కడ కబుర్లు చెప్పి తప్పించుకుంటావ్."

ఫిబ్రవరిలో స్టైన్‌కార్ వెళ్లాం. లిఫ్ట్ పక్కన తాళ్లు కట్టిన చిన్న జాగాలో, ఐదేళ్ల పిల్లలు ఆరుగురు, నేను. అందరికీ ఒకే రంగు చొక్కా ఇచ్చారు, నాది మెడ దాటి దిగలేదు. నేర్పే అమ్మాయి నోట్‌బుర్గా నన్ను వరస చివర నిలబెట్టి, పెద్దబ్బాయ్ అని పిలిచింది. మొదటి గంటలో నేను పదకొండు సార్లు పడ్డాను. నా ముందున్న పాప ప్రతిసారీ ఆగి, నేను లేచేదాకా ఓపికగా చూసి, ఏం పర్లేదు అనేది. గట్టు లెక్కలకు అందని ఏటవాలు కాదది, నా ఎత్తున సగం కూడా ఉండదు.

పొద్దున మామగారు, ఫెన్నా శిఖరం లిఫ్ట్ ఎక్కడం చూశాను. అద్దెకు తెచ్చుకున్న స్కీలు ఆయన భుజం మీద ఉన్నాయి, కాలు కొంచెం ఈడుస్తున్నారు. పదకొండు దాటాక నల్ల వాలు మీద పైన ఇద్దరు కనిపించారు. ఒకరు నేరుగా వస్తున్నారు, ఇంకొకరు మెల్లగా, వెడల్పుగా, ఎక్కడా ఆగకుండా వంపులు తిరుగుతూ వస్తున్నారు. మెల్లగా వస్తున్నది ఫెన్నా అనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే ఆయన. పిల్లలంతా తాడు దగ్గరికి పోయి చప్పట్లు కొట్టారు. నేనూ వాళ్లతో కలిసి కొట్టాను.

ఫెన్నా వెంటనే మళ్లీ లిఫ్ట్ వైపు పోయింది. ఆయన మాత్రం తాడు పక్కన వంగి, స్కీలు విప్పుకుంటున్నారు. నేను కాళ్లు ఎడంగా పెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ ఆయన దగ్గరికి చేరాను. మళ్లీ ఎక్కరా మావయ్యా అని అడిగాను.

"ఒక్కసారికే సరి" అన్నారు. "కాళ్లు చాలన్నాయి." మొహంలో కోపం లేదు. పైన ఆ వాలును కాసేపు చూశారు. "అరవై ఒకటో ఏట అయితే ఇవాళ చీకటి పడేదాకా ఎక్కేవాణ్ని."

"క్షమించండి మావయ్యా" అన్నాను.

పర్లేదని ఆయన అనలేదు. స్కీలు రెండూ కలిపి కట్టుకుంటూ తల ఊపారు, నేను చెప్పాల్సిన మాటే చెప్పినట్టు. నోట్‌బుర్గా నన్ను పిలుస్తోంది, నా వంతు వచ్చిందట.