సెప్పు అన్న మాట

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చో సత్యా, ఫ్యాన్ చప్పుడులో నా గొంతు నీకు చేరదు. నెల్లితోపులో పాత్రల అంగడి వాళ్ళ భరణికి ఒక మాట కోసం కడుపు ఎట్లా రగిలిందో చెబుతాను.

భరణి మేనత్త సుందరికి ఒక కంటికి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు టీవీ తెర వైపు చూడవద్దన్నారు. సుందరికేమో 'ఏడు నెలవంకలు' అంటే ప్రాణం. అరవంలోకి మార్చి వేసే ఆకాశనౌకల సీరియల్ అది. అందుకని భరణి అంగడి నుంచి రాగానే అత్త పక్కన చేరి, తాను చూసిన భాగం పూసగుచ్చినట్టు చెప్పేది. సుందరి మేనకోడలి చిటికెన వేలు పట్టుకుని వినేది. ఆ పట్టు కోసమే భరణి పొద్దంతా ఎదురుచూసేది.

ఆ కథలో ఒక పిల్ల చెయ్యి ఆనిస్తే చచ్చిన నౌక లేస్తుంది. ఆనించే ముందు ముసలి గురువు ఆమె చెవిలో "సెప్పు" అంటాడు. ఆ మహిమ ఎక్కడిదో సీరియల్‌లో ఎవరూ చెప్పలేదు. మన తెలుగిళ్ళలో సెప్పు అంటే చెప్పమనేగా. నౌకకు దాని కథ చెబితే లేస్తుందని భరణి నమ్మింది, అత్తనూ నమ్మించింది.

అంతలో దానికి ముందుకథ అంటూ సినిమా వచ్చింది. సారం పేటలో ఉండే చిన్నాన్న కూతురు అనూహ్య మొదటి ఆటే చూసి, నేరుగా వచ్చి అత్త మంచం మీద కూర్చుంది. నౌకను లేపే ఆ పిల్ల ఎముకల్లో రాగి ఉందట, మహిమ దానిదేనట. అరవంలో సెప్పు అంటే రాగి, గురువు అన్నది అదేనట.

"పొద్దస్తమానం సెప్పుకుడాలని రాగి బిందెలు అమ్ముతావు గదక్కా, నీకే తెలీలేదా?" అంది.

సుందరి మంచం కదిలేలా నవ్వింది. మహిమకు కారణం చెబితే ఇంకేం మిగులుతుందని, ఆ సినిమా కథ గొంతు పిసికిందని భరణి వాదించింది. కారణం తెలిస్తేనే ఇంకా ముద్దొస్తుందని, ఫోన్లో జనమంతా అదే అంటున్నారని అనూహ్య. సగం జనం తన వైపే ఉన్నారని భరణి. కాఫీలు చల్లారిపోయాయి. నోరు రాగి గురించి మాట్లాడుతున్నా, భరణి చూపు మాత్రం అనూహ్య వేలు పట్టుకున్న అత్త చేతి మీదే ఉంది.

"రేపూ రా అనూ. ఆ రాగి కథ మళ్ళా సెప్పు," అంది సుందరి.

ఆ 'సెప్పు' ఇన్నాళ్ళూ తనది. భరణికి ఆ రాత్రి అన్నం దిగలేదు.

మర్నాడు అంగడి నాన్నకు వదిలేసి, తాను తిట్టిన సినిమాకే పోయింది. అనూహ్య కంటే ముందే వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"రాగి ఉంటే సాలా అత్తా? మన అంగడి నిండా రాగే గదా, ఒక్క కుడమన్నా లేసి నడిసిందా? గురువు సెప్పు అన్నాడు. ఆ పిల్ల నోరు తెరిసి నౌక కథ సెప్పింది. అప్పుడు లేసింది ఎముకల్లో రాగి."

గడప దగ్గరికి వచ్చిన అనూహ్య చెప్పులు విప్పడం మరిచి వింటోంది. "ఇది సినిమాలో యాడుందక్కా?"

"నువ్వు పాప్‌కార్న్‌కి పోయినప్పుడు వచ్చిండాది."

"తర్వాత ఏంది?" అంటూ సుందరి భరణి వేలు అందుకుంది. రెండో చేత్తో అనూహ్యనూ పక్కకు లాక్కుంది. భరణి కథ చెబుతూనే, ఏ చెయ్యి గట్టిగా పట్టిందో ఓరకంట చూసింది. చూసి, గొంతు ఇంకాస్త పెంచింది.

గుర్తుపెట్టుకో సత్యా, నీ వాళ్ళకూ ఈ కథ చెప్పు. ముందు భరణి పేరే చెప్పు తల్లీ, అనూహ్య పేరు ముందొచ్చిందని తెలిస్తే భరణికి మళ్ళా అన్నం దిగదు.