ఎడమ గోడ

కోటు విప్పకముందే పెన్సిల్ చెక్కుకోవడం గుడ్రున్ అలవాటు. ఎడమ గోడకు మేకు, మేకుకు దారం, దారానికి పెన్సిల్. ఆ ఉదయం మొన సగం చెక్కాక గాని తలెత్తి చూడలేదు. గోడ మీద కాగితం లేదు.

గుడ్రున్ పొడవాటి మనిషి, కాస్త వంగిన భుజాలు. చిన్నప్పుడు నార్వేలోని ఓలెసుండ్ రేవులో చేపలు కోసిన మొరటు వేళ్లు. చేపల అమ్మకానికి ప్రోగ్రాములు రాసే ఈ కంపెనీలో ఆమె జుట్టు నెరిసింది. జాలర్లతో మాట్లాడి, వాళ్ల లోకం ఎలా ఉందో అలాగే ఎడమ గోడ మీద కాగితంపై గీసేది: మనిషి, పడవ, అనుమతి, వేట. ఒక్కొక్కటీ ఒక గడి, మధ్యలో గీతలు. ఆ లోకాన్ని కంప్యూటర్లో ఎలా ఇమడ్చాలన్నది కుడి గోడ సంగతి. అక్కడ వేగం కోసం రెండు గడులను ఒకటి చేసుకోవచ్చు. కానీ కుడి గోడ అవసరం ఎడమ గోడకు ఎక్కకూడదు. ఆమె పెట్టిన కట్టుబాటు అదొక్కటే.

"నేనే తీసేశాను," అన్నాడు ఐవిన్, ఆమె పై అధికారి, కాఫీ కప్పుతో వస్తూ. "ఇప్పుడు ప్రోగ్రామును చూసి కంప్యూటరే బొమ్మ గీస్తోంది కదా. శీతాకాలం నుంచి అందరూ దాన్నే చూస్తున్నారు. రెండు బొమ్మలెందుకు?"

"ప్రోగ్రాము తప్పయితే?"

"బొమ్మతో పోల్చి చూస్తాం."

"అది గీసిన బొమ్మతోనేనా! అద్దంలో చూసుకుని, అచ్చం నాలాగే ఉన్నాడే అని మురిసిపోతావన్నమాట."

"పొద్దున్నే మొదలెట్టకు గుడ్రున్."

అప్పుడే తలుపు తోసుకుని ఆర్నుల్ఫ్ వచ్చాడు. ముసలి జాలరి, చేతిలో ఉన్ని టోపీ.

"నేను బతికే ఉన్నానా? కాస్త చూసి చెప్పు గుడ్రున్. పాత పడవని తుక్కుకిచ్చేశా. కొత్తది వచ్చేదాకా బావమరిది పడవలో వెళ్దామనుకున్నా. చేపలు కొనేవాడు నా పేరు కొడితే మీ కంప్యూటర్ అలాంటి మనిషే లేడంటోంది. ఆ కొనేవాడు నన్నెరగనోడా, నా పెళ్లిలో తప్పతాగి పడిపోయినోడు!"

ఐవిన్ తెర మీద బొమ్మ తెరిచాడు. మనిషికీ పడవకీ కలిపి ఒకే గడి. పాత పడవను జాబితాలోంచి తీసేస్తే దాంతో మనిషీ పోయాడు.

"బొమ్మలోనూ ఇలాగే ఉంది," అన్నాడు. "ప్రోగ్రాము సరిగ్గానే ఉంది."

గుడ్రున్ మెడ ఎర్రబడింది. "సరిగ్గా ఉందా? మనిషి నీ ముందు నిలబడ్డాడు! వేగం కోసం ఇద్దర్నీ కుడి గోడ మీద ఒకే గడిలో కలుపుకున్నాం. మనిషి వేరు, పడవ వేరు అని చెప్పడానికే ఎడమ గోడ. దాన్నే చింపేశావు."

"సరే, విడదీద్దాం. ఈస్టర్ దాటుతుంది."

"అప్పటికి సముద్రంలో కాడ్ చేప ఉండదు," అన్నాడు ఆర్నుల్ఫ్.

"అందాకా ఇతని పేరు మీద ఉత్తుత్తి పడవ ఒకటి కంప్యూటర్లో ఎక్కించేద్దాం," అన్నాడు ఐవిన్.

"సముద్రంలో లేని పడవను నేను తేలించను!"

ఆర్నుల్ఫ్ టోపీని నలుపుతున్నాడు. "గుడ్రున్, నేను రేపు బయల్దేరాలి."

ఆమె అతని చేతులకేసి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. మీటలు విరిగిపోతాయేమో అన్నట్టు కొట్టింది. పడవ పేరు అడిగిన చోట 'అబద్ధం' అని కొట్టింది. కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఆర్నుల్ఫ్ మళ్లీ మనిషయ్యాడు.

"అబద్ధమెక్కి వేటకెళ్తున్నానని బావమరిదికి చెప్తా," అని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

లేచి వెళ్లి, బోసిగోడ మీదే రెండు గడులు గీసింది. ఒకదాంట్లో మనిషి, ఒకదాంట్లో పడవ. మధ్య గీతను ఎంత నొక్కి గీసిందంటే సున్నం రాలింది, పెన్సిల్ మొన విరిగింది.

"ఇది నాకు అర్థమైంది," అన్నాడు ఆర్నుల్ఫ్.

"ఇప్పుడు గోడకి రంగు వేయించాలి," అన్నాడు ఐవిన్.

గుడ్రున్ ఆఫీసు తాళంచెవి ఐవిన్ బల్ల మీద పెట్టింది. కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. బొత్తాలు పెట్టుకుంటే సరిపోయింది. సోమవారం ఆమె రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

రంగు వేసినవాడు దారం విప్పలేదు. తలుపు తెరిచినప్పుడల్లా ఆ మొన విరిగిన పెన్సిల్ ఊగుతూ, కొత్త తెల్లరంగు మీద సన్నగా గీత గీస్తూనే ఉంది.