కోరిన పాట, వేసిన పాట

నేను ఒక ఎర్ర టెలిఫోన్‌ను. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు కానీ, పెరిగింది మాత్రం విజయవాడలోని ఒక ఎఫ్ఎం స్టేషన్లో. పాటలు కోరుతూ శ్రోతలు చేసే ఫోన్లన్నీ నా చెవినే పడేవి. అందుకే నేను ఎవరినీ ఓ పట్టాన నమ్మను.

శ్రోతలు కోరకముందే వారం పాటలన్నీ కంప్యూటర్లో వరసగా కూర్చుని ఉండేవి. నలభై పాటలు, తిప్పి తిప్పి అవే. యాంకర్ హిమజ మధ్యాహ్నమే ఫోన్లు రికార్డు చేసి, సాయంత్రం అప్పటికప్పుడు మాట్లాడుతున్నట్టు వినిపించేది.

ఒక శుక్రవారం అవనిగడ్డ నుంచి నాగరత్నం అనే టైలరమ్మ ఫోన్ చేసింది. వాళ్ల నాన్న వీరరాఘవులు కృష్ణలో లాంచీ నడిపిన సరంగు. పక్షవాతంతో మాట పడిపోయింది.

"లాంచీ మీద ఎప్పుడూ ఓ పాత పడవ పాట పాడేవోరండీ. నాకు పల్లవి ఒక్కటే వచ్చు. పాటంతా వింటే నోరు కదుపుతారేమోనని ఆశ. ఒక్కసారి వెయ్యరూ?" అంటూ ఆ పల్లవి నా చెవిలో పాడింది.

"అది మా లిస్టులో లేదండీ. కొత్త డప్పు పాట అడగండి, నాన్నగారి పేరు కూడా చెప్తాను," అంది హిమజ.

"పోన్లెండి, ఆయన పేరన్నా వింటారు," అని నాగరత్నం, డప్పు పాట తనే ముచ్చటపడి కోరినట్టు చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడు నెలలు ప్రతి శుక్రవారం ఇదే తంతు. పడవ పాట పల్లవి నాకు, డప్పు పాట ఊరికి.

ఆ తర్వాత ఒకరోజు ఆమె ఏడుస్తూ నవ్వుతూ ఫోన్ చేసింది. "మా నాన్న నోరు విప్పారండీ! పాడుతున్నారు!"

పడవ పాటే అనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ డప్పు పాటేనండీ! నేను పడవ పాట పాడితే, ఎవరిదో అన్నట్టు చూస్తన్నారు. ఇయ్యాల కూడా ఆ డప్పు పాటే వెయ్యండి."

"చూశారా, జనం అడిగేదే మనం వేస్తాం," అంది హిమజ పక్కవాళ్లతో.

ఆ ముసలాయనకు మాట వచ్చినందుకు సంతోషించాను. ఆయన పాట ఎటు పోయిందన్న బెంగ మాత్రం నన్ను వదల్లేదు.

వాట్సాప్ వచ్చాక నా తీగ పీకి బీరువా మీద పడేశారు. నాగరత్నం పాడిన పల్లవిని నేనైనా దాచుకోవాలని రోజూ గుర్తుచేసుకోబోతాను. ఎవరినీ నమ్మని నాక్కూడా డప్పు పాటే వస్తోంది.