నూటికి ఇరవై ఒకటి

"ఒక నాళి బియ్యం చాలు."

"రెండు."

"ఏలీ, ఈ ఇంట్లో ఉన్నది ఎంతమంది? నువ్వూ, నేనూ, అమ్మచ్చీ. ముగ్గురికి రెండు నాళుల బియ్యమా?"

"పెసహా అప్పం ముగ్గురికని లెక్కగట్టి ఎవరైనా నానబెడతారా, అచ్చాయా?"

పొద్దున్న కాఫీ దగ్గర కురియాకోస్‌కీ భార్య ఏలియమ్మకీ మొదలైన వాదన ఎనిమిదైనా తెగలేదు. బియ్యం డబ్బా మూత తీసే ఉంది. ఇన్నేళ్లూ ఈస్టర్ ముందటి పెసహా గురువారం సాయంత్రం తమ్ముడు చాండి కుటుంబం కూడా ఈ బల్ల దగ్గరే కూర్చునేది. ఇంటి పెద్దగా కురియాకోస్ అప్పం కోసి, వయసు వరసన అందరికీ అందించేవాడు. ఈ ఏడు రెండిళ్ల మధ్య చాండి గోడ లేపాడు. అది అడుగు మేర తన నేలలోకి వచ్చిందని కురియాకోస్ పట్టు. ఈస్టర్ సెలవులు కాగానే కేసు వేయడానికి కాగితాలన్నీ సిద్ధం.

ఆ కాగితాల్లోని లాయరు నోటీసు రాసింది ఏలియమ్మే. కొట్టాయంలో మధ్యవర్తిగా పదకొండేళ్లుగా "కేసు ముదరకముందే కూర్చుని మాట్లాడుకోండి" అని ఊరందరికీ చెబుతున్న ఏలియమ్మ. గోడ లేచిన రోజు తోడికోడలు, చాండి భార్య త్రేసియామ్మ, "కేసులో బలం లేనివాళ్లేగా మా చేట్టత్తి దగ్గరికి రాజీకి పోయేది" అని ఏలియమ్మ గురించి ఎవరితోనో అన్నదట. ఆ మాట చెవిన పడిన గంటలో నోటీసు తయారై చాండి ఇంటికి చేరింది. అంత చురుగ్గా ఆమె ఏ రాజీపత్రమూ రాయలేదు.

కానీ మూడు రోజులుగా అమ్మచ్చి, కురియాకోస్ తల్లి, భోజనం మధ్యలోనే లేచిపోతోంది. ఎనభై ఆరేళ్ల మనిషి. అడిగితే పళ్లసెట్టు గుచ్చుకుంటోందంటుంది.

ఏలియమ్మ పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక్కి తిప్పి బల్ల మీద పరిచింది. తన దగ్గరికి వచ్చే వాళ్లందరి చేతా ఇదే గీయిస్తుంది. కేసు ఒక కాండం. ప్రతి కోర్టు దగ్గరా అది రెండుగా చీలుతుంది: ఒకటి గెలుపు కొమ్మ, ఒకటి ఓటమి కొమ్మ.

"కింది కోర్టులో గెలిచే అవకాశం నూటికెంత?"

"తొంభై."

"మీరే చాండి లాయరనుకోండి. ఏమని వాదిస్తారు?"

కురియాకోస్ ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. తప్పు దొరికితే అది తనదైనా వదలడు. "సర్వే రాయి మా నాన్న చాచన్ ఉన్నప్పుడే కదిలింది. చాండికి జీపు తిప్పుకునే జాగా ఇస్తానని ఆయన నోటిమాటగా అన్నాడు. త్రేసియామ్మ విన్నది." పెన్సిలు అందుకున్నాడు. "నేనూ విన్నాను. డెబ్భై వేసుకో."

"తర్వాత అప్పీలు. అరవై. ఆపైన హైకోర్టు. సగానికి సగం. మూడుచోట్లా గెలిస్తేనే గోడ కదిలేది. అంటే మొత్తం మీద నూటికి ఇరవై."

"ఇరవై ఒకటి. నా ఒక్క శాతం నువ్వెందుకు తినేస్తావు?"

"సరే, ఇరవై ఒకటి."

"అదీ!" అని కురియాకోస్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇలాంటి గెలుపులు ఏలియమ్మ తన ఉద్యోగంలో చాలా చూసింది.

జపమాల చేత్తో పట్టుకుని అమ్మచ్చి బల్ల దగ్గరికి వచ్చింది. "ఇదంతా తెమలడానికి ఎన్నేళ్లు పడుతుందే?"

"పదో పన్నెండో, అమ్మచ్చీ."

ముసలామె కళ్లజోడు సవరించుకుని కొమ్మకొమ్మా వెతికింది. "ఇందులో నేనెక్కడున్నానురా?"

కాగితాన్ని కొడుకు వైపు జరిపింది.

"నేను చచ్చిపోయిన ఏడు ఈ ఇంట్లో అప్పం పొయ్యెక్కదు. ఆ ఇంట్లోనూ ఎక్కదు. చావు జరిగిన ఇల్లు కదా, ఎవరో తెచ్చిపెడితే తినాలి. ఆ ఏడు మీ ఇద్దరికీ ఒకటే తీర్పు. దానికి నూటికి ఎంత వేస్తావు, మాస్టారూ?"

కురియాకోస్ పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు. చివరికి భార్య వైపు చూడకుండా అన్నాడు: "రెండు నాళుల బియ్యం నానబెట్టు."

గోడ అడ్డం కాబట్టి ఏలియమ్మ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి చాండి ఇంటికి వెళ్లింది. త్రేసియామ్మ వంటింట్లో ఖాళీ గ్రైండరు పక్కన కూర్చుని ఉంది.

"ఇంకా నానబెట్టలేదా?"

"మీరు పిలుస్తారేమోనని చూస్తున్నా, చేట్టత్తీ."

"పిలవకపోతే?"

"పది దాకా చూసి నానబెట్టేదాన్ని." కాఫీ గ్లాసు ముందుకు జరిపింది. "నోటీసు రాసింది మీరేనటగా. ఇంగ్లీషు చాలా బాగుందన్నాడు మా లాయరు."

"నా రాజీల గురించి నువ్వన్న మాట కూడా బాగుందిలే," అని ఏలియమ్మ కాఫీ తాగింది. పంచదార ఎక్కువైందని మాత్రం అనలేదు.

సాయంత్రం మట్టల ఆదివారం నాటి కొబ్బరాకు సిలువతో అప్పం బల్ల మీదికి వచ్చింది. ప్రార్థన అయ్యాక కురియాకోస్ కోసి, మొదటి ముక్క అమ్మచ్చికిచ్చాడు. తర్వాతిది చాండికి. చాండి రెండు చేతులూ చాచి అందుకున్నాడు. అతని ఆడపిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అమ్మచ్చి తన ముక్కను బెల్లం పాలలో ముంచుకుని మొత్తం తినేసింది. పళ్లసెట్టు గుచ్చుకున్నట్టు లేదు.

అందరికీ అందాక కురియాకోస్ పాలగిన్నె వైపు చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పాడు.

"కేసు వేయడం లేదు. ఆ అడుగు నేల గోడ కిందే ఉండనీ. ఈస్టర్ కాగానే వంటిళ్ల దగ్గర ఆ గోడకి గేటు పెట్టాలి. చాండీ, గోడ కట్టినవాడివి, గేటూ నువ్వే పెట్టించు. తాళంచెవి అమ్మచ్చి దగ్గరుంటుంది. నేను గెలిచే అవకాశం నూటికి ఇరవై కాదు, ఇరవై ఒకటి. అది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి."