చెప్పకూడని చిరునామా

ఆ ఇంట్లో పెట్టెల మీద అంకెలు ఎప్పుడూ చెరపరు. వంటసామాను ఒకటో నంబరు, పరుపులు రెండు, పిల్ల పుస్తకాలు మూడు. పటాలంలో హవల్దారైన భర్తకి ఎక్కడికి బదిలీ అయినా భార్య ఆ పెట్టెలతోనే దిగుతుంది, రెండేళ్ళకి మళ్ళీ సర్దుతుంది. ఎంత పొందికైన ఇల్లాలో అని చూసేవాళ్ళకి ముచ్చటేస్తుంది. ఆ పెట్టెల అడుగున ఆమె వదిలేసిన ఉద్యోగాలు నాలుగున్నాయని ఎవరికీ తోచదు.

నాలుగు ఊళ్ళలో నాలుగు బళ్ళలో పాఠాలు చెప్పింది. ప్రతిచోటా మొదటి మెట్టే. రెండో మెట్టు మీద కాలు పెట్టబోయేసరికి లారీ వచ్చేది. ఐదో ఊళ్ళో పెద్దపంతులమ్మ మొహం మీదే అనేసింది, "మీరు చుట్టాల్లా వస్తారమ్మా. పిల్లలకి అలవాటయ్యేలోపు వెళ్ళిపోతారు."

అప్పుడే ఇంట్లో కూర్చుని చేసే పని వెతుక్కుంది. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చెయ్యడం. ఏ ఊరెళ్ళినా వెంట వచ్చే పని. ఎనిమిది నెలలు వంటగట్టు మీదే కంప్యూటరు పెట్టుకుని నేర్చుకుంది. రోగాల పేర్లు రాసి గోడలకి అతికించింది. డ్యూటీ దిగి వచ్చిన భర్త అవి చూసి, గుమ్మంలోనే జ్వరం వచ్చేట్టుందే అని నవ్వాడు.

పరీక్ష నెగ్గింది. ఇక ఫోనులో నాలుగు మాటలు మాట్లాడితే పని చేతికొచ్చినట్టే.

కంపెనీ అమ్మాయి మర్యాదగానే అడిగింది, ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంటున్నారని.

పెళ్ళయిన వారానికే ఆమెకి నేర్పిన పాఠం ఒకటుంది: పటాలం ఉన్నచోటు ఫోనులో ఎవరికీ చెప్పకూడదు. పదహారేళ్ళుగా కన్నతల్లికి కూడా అలా చెప్పలేదు. ఇప్పుడూ నోరు దానంతటదే అనేసింది.

"అది చెప్పకూడదండి."

"పోనీ, మీవారు ఎక్కడ పనిచేస్తారు?"

"అదీ చెప్పకూడదండి."

మళ్ళీ చేస్తామని అవతల ఫోను పెట్టేశాక గానీ ఆమె నాలుక కరుచుకోలేదు. అంతా వివరంగా ఉత్తరం రాసింది. స్థిరమైన చిరునామా లేనివాళ్ళకి రోగుల వివరాలు అప్పగించలేమని జవాబొచ్చింది. అందులో అబద్ధం లేదు, దయా లేదు.

పక్క క్వార్టర్సులో ఉండే సుబేదారు భార్యని అందరూ పెద్దక్క అంటారు. ఆ జవాబు చదివించుకుని ఆవిడ కాగితం మడిచి తిరిగిచ్చింది.

"నేను కుట్టుపని చేశాను, ఊలు అల్లాను. మిషను లారీ ఎక్కుతుందే, నమ్మకం ఎక్కదు. ఏ ఊళ్ళోనైనా మనం నిన్న దిగినవాళ్ళమే."

"మరేం చెయ్యమంటావక్కా?"

"తెలిస్తే నేను చెయ్యనా తల్లీ?"

ఆ వారమే బదిలీ కాగితం వచ్చింది. గోడ మీది రోగాల పేర్లని ఆమె గోరుతో ఒక్కొక్కటీ ఊడదీసింది. పారెయ్యలేదు. కంప్యూటరుతో పాటు కొత్త పెట్టెలో పెట్టి, పైన నాలుగు అని రాసింది.

అయ్యలారా, అమ్మలారా, సైనికుడు బండెక్కుతుంటే మనం చప్పట్లు కొడతాం. అతని వెనకాల పెట్టెలతో దిగే మనిషిని నమ్మి పనివ్వనంతకాలం అవి ఉత్త చప్పుడే.