చలిదేశపు కారు

డ్రైవరుకు తెలియనిదంటూ ఉండకూడదని మా సూర్యాపేట కార్ల అడ్డాలో ఒక పాడు పట్టుదల. దారి తెలియకపోయినా అడగం, బండిలో ఏది ఎందుకుందో తెలియకపోయినా అడగం. ఆ రోగం నాకు అందరికంటే ఒక పాలు ఎక్కువే.

1987 ఎండాకాలంలో హెడ్మాస్టరు దానియేలు సారు ఒక పాత మోరిస్ కారు కొన్నారు. కోదాడలో ఉన్న ఇంగ్లండు డాక్టరు తన దేశం నుంచి ఓడలో తెప్పించుకున్న బండి అది. ఆయన వెళ్లిపోతూ సారుకు అమ్మాడు. చూస్తే అచ్చం మన అంబాసిడరే. పదిహేనేళ్లు అంబాసిడరు నడిపానని సారు నన్నే డ్రైవరుగా పెట్టుకున్నారు. తేడా అల్లా స్టీరింగు పక్కన ఒక రేకు పెట్టె, దానికో మీట. మన బండ్లలో అది లేదు.

అడ్డాలో బండి నిలిపి, ఇంజను చల్లగా ఉండగా ఆ మీట తిప్పాను. బుర్రుమని గాలి వచ్చింది.

"ఏందే జానయ్యా ఇది?" అన్నాడు తోటి డ్రైవరు మైసయ్య.

"ఏసీ," అన్నాను. తడుముకోను కూడా లేదు.

నలుగురూ చేతులు పెట్టి చూసి ఔరా అన్నారు. నేను మీసం దువ్వుకున్నాను.

వారం తిరక్కుండానే సారు బడిలో అటెండరు దస్రు వచ్చాడు. చివ్వెంల దగ్గరి తండా అతనిది. భార్య జమ్లీకి పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి కాన్పు చేశారు. తొమ్మిది రోజుల పసిగుడ్డుతో ఆ ఎండలో బస్సెక్కించలేక సారును అడిగాడట. సారు బస్సులో మిర్యాలగూడ పెళ్లికి పోతూ, వాళ్లను కారులో దించి రమ్మని నాకు చెప్పారు.

"ఏసీ బండి తమ్మీ. పిల్లకు ఎండ తగలది," అని అద్దాలన్నీ నేనే ఎక్కించాను.

ఊరు దాటేసరికి పెట్టెలోంచి సెగ మొదలైంది. మీట ఇంకాస్త తిప్పితే ఇంకాస్త ఎక్కువైంది.

"మొదట్ల గిట్లనే ఉంటది. ఇగ సల్లవడ్తది," అన్నాను. నాకే నమ్మకం లేదు.

వెనక జమ్లీ కొంగుతో పిల్లకు విసురుతూనే ఉంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. అద్దాలు దించితే అడ్డాలో నా మాట పోతుంది. అందుకే దించలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా సిగ్గే, ఆ నిమిషాన నాకు ఆ పసిదాని కంటే నా మాటే ముఖ్యమైంది.

"అన్నా," అన్నాడు దస్రు మెల్లగా, "మాకు ఏసీ అలవాటు లేదు. జర అద్దం దించుకోనా?"

"దించుకో. అలవాటు లేనోళ్లకు గిట్లనే ఉంటది," అన్నాను, ఏదో దయ తలచినట్టు.

బయటి వడగాలే మాకు చల్లగా తగిలింది. పిల్ల ఏడుపు ఆపింది.

మర్నాడు సారుతో, ఏసీలో గ్యాసు నింపించాలన్నాను. ఆయన ముందు తెల్లబోయి, తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఏసీ ఎక్కడిదయ్యా? అది హీటరు! వాళ్ల దేశంల మంచు పడ్తది. ఆడ అమ్మే కార్లకు ఇంజను కాగినంక వేడిగాలి వచ్చేటట్టు పెడ్తరు. మనకు చేసే బండ్లకు అదెందుకు, ఎండ సాలదా? నన్ను అడిగితే చెప్పకపోదునా?"

నిన్న ఆ బండిలో ఎవరు ఎక్కారో సారుకు గుర్తు రాలేదు. నాకు నవ్వు రాలేదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సైకిలు మీద తండాకు పోయాను. పిల్ల ఉయ్యాలలో హాయిగా నిద్రపోతోంది. దస్రు చెంబుతో నీళ్లిచ్చి మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు.

"తమ్మీ, అది ఏసీ కాదు. చలికి పెట్టుకునే వేడి మిషను. నాకు తెల్వకున్నా తెలుసన్న. తప్పు నాదే."

దస్రు తలవంచుకున్నాడు. జమ్లీ ఉయ్యాల ఊపుతూనే అంది.

"ఆ రోజే ఎరుకైందన్నా. అంత వేడొస్తుంటే ఎరుక కాదా?"

"మరి చెప్పకపోతివేంది చెల్లె?"

"నువ్వు సిన్నబోతవని. అందుకే మాకే అలవాటు లేదని ఈయనను అనమన్న."

చెంబు కింద పెట్టి, ఆమె చేతిలోంచి ఉయ్యాల తాడు నేను అందుకున్నాను.