సున్నం కొట్టిన గోడ

అరుంధతి సంచి నేనే సర్దాను. రెండు చీరలు, పులిహోర డబ్బా, బడి గోడకు పోయినేడు తీయించిన ఫొటోలు, ఊరివాళ్ళ వేలిముద్రలతో అర్జీ. కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. ఆ హిందీ అర్జీని మూడుసార్లు చదివాను. నా కూతురు చండీగఢ్ వెళ్ళి, ఫరీదాబాద్ అవతల మేముండే పల్లెలోని ప్రాథమిక పాఠశాలకు కొత్త భవనం అడగబోతోంది. అది అక్కడ టీచరు. ఆయన పోయాక నేను దాని దగ్గరే ఉంటున్నాను.

"ఎన్ని రోజులే?"

"రెండే. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి అడగడం." సంచి భుజానికి తగిలించుకుంది. "వానొస్తే పిల్లల్ని ఇళ్ళకు పంపెయ్యమని మాస్టారికి చెప్పమ్మా. గదిలో మాత్రం వద్దు."

పక్క వాటాలో ఫ్యాక్టరీ ఫిట్టరు అంకయ్య ఉంటాడు. అతని కూతురు గౌరి, రెండో తరగతి, గుమ్మంలో నిలబడి వింటోంది. నన్ను నానీ అంటుంది, అమ్మమ్మ అని.

"అచ్ఛా, దీదీ లేకపోతే ఛుట్టీ కదా నానీ?"

"నీకు సెలవిస్తే మా చెట్టున జామకాయ మిగలదు," అంది అరుంధతి.

మార్చిలో బడి చూడటానికి ఇంజనీరు వచ్చాడు. అప్పుడు అరుంధతి శిక్షణకని ఢిల్లీలో ఉంది. ఆ ఊళ్ళో ఆఫీసరు వస్తున్నాడంటే చుట్టం వస్తున్నట్టే. గోడలు మెత్తి సున్నం కొడతారు. ఆడవాళ్ళతో నేనూ వెళ్ళాను. వెనక గోడకు చెయ్యి దూరేంత బీట. అందులో మట్టీ పేడా కూరింది నేనే. వాళ్ళకది మర్యాద. నా భయం వేరు. బడి పనికిరాదని రాస్తే మూసేస్తారు, అరుంధతిని నన్ను తీసుకెళ్ళలేని చోటికెక్కడికో బదిలీ చేస్తారు. అప్పటికే చాలామందిని రైలెక్కించి ఉన్నాను.

ఇంజనీరు లస్సీ తాగి, భవనం బాగుందని రాసి వెళ్ళాడు. ఆ రాతను మార్పించడానికే నా కూతురు ఇప్పుడు బస్సెక్కింది. ఊరివాళ్ళు గోడ పూశారని దానికి తెలుసు. ఎవరి చేత్తో పూశారో తెలియదు.

మర్నాడు పొద్దున్నే వాన. గొడుగేసుకుని బడికి వెళ్ళాను. జూన్‌లో చేరిన కొత్త మాస్టారు వేపచెట్టు కింద నుంచి పిల్లల్ని గదిలోకి తోలుతున్నాడు.

"లోపల వద్దంది మా అమ్మాయి," అన్నాను.

"ఎందుకు అమ్మాజీ? చూడండి, గోడ పెళ్ళికూతురిలా ఉంది. ఆఫీసరే బాగుందని రాశాడు. వాన పడిందని ఛుట్టీ ఇస్తే నాకు మెమో ఇస్తారు."

సున్నం వెనక ఏముందో చెబితే ఆయన పిల్లల్ని పంపేసేవాడు. కానీ ఎవరు పూశారని అడుగుతాడు. ఆ మాట అరుంధతి దాకా పోతుంది. ఇక నన్ను దగ్గర పెట్టుకుంటుందా అనిపించింది.

"ఠీక్ హై, మీ ఇష్టం," అన్నాను.

గౌరి జల్లు పడని చోటు చూసుకుని వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి పలక ఊపింది.

పన్నెండింటికి నేను బియ్యం కడుగుతుండగా ఊరంతా బడివైపు పరుగెత్తింది. తడిసిన మట్టి ఇటుకల్లోంచి ముప్పైమంది పిల్లల్ని బయటికి లాగారు. అంకయ్య ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చాడు.

అరుంధతి చెప్పిన రోజుకే తిరిగి వచ్చింది. మరుసటి ఏడు సిమెంటు కప్పుతో కొత్త బడి కట్టారు. గోడలో మట్టి కూరింది నేనేనని దానికి ఈనాటికీ చెప్పలేదు.

గౌరి ఇంటికి తిరిగి రాలేదు. అది 1978 ఆగస్టు 3, గురువారం.